బుల్లి కావిచీర

బుల్లీ,

ఇవ్వాళ ఫాల్గుణ బహుళ పంచమి. నేనొచ్చి మూడో రోజు. ఇక్కడికి వచ్చినవాళ్ళకి బుచ్చిరాజు గారు తలా ఒక నోటుబుక్కు ఇస్తారు, రామకోటి రాయమని. ఆశ్రమం లెక్కాడొక్కా చూసేది ఆయనే. మధ్యాహ్నం భోజనాలయ్యాక గంటసేపు ఎవరూ మాట్లాడకూడదు. చెట్టు కింద ఒకరు, అరుగు మీద ఒకరు కూర్చుని శ్రీరామ శ్రీరామ అని రాసుకోవాలి. నేను మొదటి పేజీ నిండా రాశాను. రెండో పేజీలో బుల్లి అని రాసి ఉంది. నేనే రాశాను. ఇంక ఇలాగే రాస్తాను. దేవుడికి ఇంతమంది రాస్తున్నారు, నా ఒక్క పుస్తకం తక్కువైతే ఆయనకి వచ్చే లోటేం లేదు.

నాది మూడో క్లాసు చదువు. నా ఉత్తరాలు చూసి ఒత్తులన్నీ ఎటుపోయాయే అమ్మా అని నవ్వేదానివి. ఇది నువ్వు చదవవు కాబట్టి పర్వాలేదు.

నువ్వు నాకు పది బారల దూరంలో ఉన్నావు. పాక అరుగు మీద, ఏటి వైపు మొహం పెట్టి. నువ్వూ రాస్తున్నావు. నీ జడ ఇంకా ఉంది.

షష్ఠి

వంటపాకలో పని ఇచ్చారు. ఆడవాళ్ళ వైపు పెత్తనమంతా మహాలక్ష్మమ్మ గారిది. గుడివాడ ఆవిడ. "నీకేం వచ్చు?" అంది.

"అద్దకం వచ్చండి. మాది పెడన."

"ఇక్కడ అద్దకాలేం లేవు. మినుములు చెరుగు" అంది.

లంకలో మినుము పీకేశారు. నందివాడ నుంచీ, పామిడిముక్కల నుంచీ శ్రీరామనవమికని జనం బస్తాలు, గుమ్మడికాయలు పడవలో వేసుకొచ్చి దించిపోతున్నారు. చెరుగుతూనే ఉన్నాను. కళ్ళలోకి పొట్టు పోయింది. అందుకే నీళ్ళు కారాయి.

నా పక్కన ముత్యాలమ్మ. సముద్రం ఒడ్డు పల్లె, చేపలమ్ముకునే మనిషి. మొగుడి జబ్బు తగ్గితే నలభై రోజులు ఇక్కడ సేవ చేస్తానని మొక్కుకుందట. తగ్గిందట. "తగ్గినోడు అక్కడ హాయిగా పులుసు తింటన్నాడు. నేనిక్కడ సొరకాయ నములుతున్నాను. జబ్బు ఆడిది, పథ్యం నాది వదినా" అంది. నవ్వాను. తర్వాత సిగ్గేసింది, నవ్వినందుకు.

"నువ్వెందుకొచ్చావు?" అంది.

"ఊరికే. మోకాళ్ళ నొప్పులు. ఏటి గాలి మంచిదన్నారు."

ముత్యాలమ్మ నా వైపు చూసింది, నీ వైపు చూసింది. "ఆ మౌనం పిల్ల ముక్కూ నీ ముక్కూ ఒకే అచ్చు" అంది. చేట తిప్పుకున్నాను.

మహాలక్ష్మమ్మ గారు విననే విన్నది. వచ్చి నిలబడింది. "వరసలు పడవ దిగిన చోటే వదిలెయ్యాలి. ఇక్కడ ఎవరికీ ఎవరూ అమ్మా కాదు, కూతురూ కాదు. మగవాళ్ళంతా అన్నయ్యలు, ఆడవాళ్ళంతా అక్కయ్యలు. మౌనంలో ఉన్న మనిషిని పలకరించకూడదు. తెలిసిందా అక్కయ్యా?" అంది. నాకంటే పదేళ్ళు పెద్దది నన్ను అక్కయ్యా అంటోంది. నన్ను వదినా అనే ముత్యాలమ్మకీ చీవాట్లు పడ్డాయి. ఆవిడ వెళ్ళాక "సరేలే వదినా" అంది.

అష్టమి

నీళ్ళు మోశావు. ఏడు బిందెలు.

దశమి

ఇవ్వాళ నువ్వు కూరగాయల మడుల్లో ఉన్నావు. దోసపాదులకి నీళ్ళు పోశావు. కాళ్ళకి బురద. చంటిదానిలా ఉన్నావు. మీ నాన్న అద్దకాల పాకలో రంగు తొక్కి వచ్చి తెల్ల గుడ్డ మీద నడిచావు చూడు, ఆ రోజు కొట్టాను నిన్ను. కొట్టి ఉండకూడదు.

నువ్వు నన్ను చూశావు. చూసి, తల ఊపావు. మహాలక్ష్మమ్మ గారికి ఎలా ఊపుతావో అలాగే.

ఏకాదశి

నీకు నేనేం అన్యాయం చెయ్యలేదు. రాసుకుంటే నాకే తెలుస్తుందని రాస్తున్నాను.

మీ ఆయన అచ్యుతరావు పోయి రెండేళ్ళయింది. టైఫాయిడ్ జ్వరం. పదకొండు రోజులు. నీకు ఇరవై నిండలేదు. మన వాళ్ళలో మారు మనువు తప్పు కాదు. గుడ్లవల్లేరు రాజబాబు మంచివాడు, భార్య పోయింది, బట్టలకొట్టు ఉంది. మీ నాన్న వెళ్ళి చూసొచ్చాడు. నిన్ను అడగలేదంటావు. అడగకుండా ఎందుకు ఉంటాను? తాంబూలాలు పుచ్చుకున్నాక అడుగుదామనుకున్నాను.

అప్పుడు నువ్వన్నావు, "నేనేం గుడ్డనా అమ్మా, ఒక రంగు వెలిసిపోతే ఇంకో రంగు అద్దడానికి?" అని. మీ నాన్న భోజనం దగ్గర్నుంచి లేచిపోయాడు. నేనేమన్నానో రాయను.

పుష్య అమావాస్యకి అష్టగ్రహ కూటమి అన్నారు. ఎనిమిది గ్రహాలూ ఒకచోట చేరతాయి, ప్రపంచం మునిగిపోతుందన్నారు. ఊరూరా భజనలు. పక్కింటి సరళ ఈ లంకలో ఆశ్రమంలో హోమాలు చేస్తున్నారు, వెళ్ళొస్తాం పిన్నీ అంటే నిన్నూ పంపాను. మనసు మళ్ళుతుందని. నేనే మూట కట్టి పంపాను. పది రోజులకి సరళ ఒక్కతే వచ్చింది. "మౌనం పట్టింది పిన్నీ. నవమినాడు కావి కట్టుకుంటుందట. జుట్టు తీసేస్తారట" అని గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

ప్రపంచానికేం కాలేదు.

చతుర్దశి

ఆశ్రమం పెద్ద అయ్యవారి దగ్గరికి వెళ్ళాను. అందరూ స్వామీ అంటారు గానీ ఒకప్పుడు బళ్ళో పంతులుట. ఇప్పటికీ చెవి మీద పెన్సిలు ఉంటుంది. అరటిచెట్ల దగ్గర గెల బరువుకి చెట్టు ఒరగకుండా పోటుకర్ర కడుతున్నారు.

"మా అమ్మాయిని పంపించండయ్యా" అన్నాను. అమ్మాయి అనకూడదని గుర్తొచ్చింది, అప్పటికే అనేశాను.

"ఇక్కడ ఎవర్నీ కట్టెయ్యలేదమ్మా. పడవ రోజుకి రెండుసార్లు దాటుతుంది."

"అది మాట్లాడితే కదండీ నేను అడిగేది?"

"నవమినాడు దీక్ష అయ్యాక మాట్లాడుతుంది."

"అప్పటికి కావి కట్టేసి ఉంటుంది కదండీ."

ఆయన పోటుకర్ర గెల కిందికి దూర్చి తాడు బిగించారు. "నేనూ రెండుసార్లు ఇంటికి వెళ్ళమనే చెప్పానమ్మా. పలక మీద రాసి చూపించింది, వెళ్ళను అని. నన్నేం చెయ్యమంటారు?" అన్నారు.

ఆయన చెడ్డవాడైతే బాగుండేది. తిట్టి పోయేదాన్ని.

ఉగాది, శుభకృత్

అందరం వేపపువ్వు దులిపాం. నువ్వు కొమ్మ వంచి పట్టుకున్నావు, నేను కింద గుడ్డ పట్టాను. నీ చెయ్యీ నా చెయ్యీ ఒకే కొమ్మ కింద. అంతే. ఈ సంవత్సరానికి అదే నా పండగ.

ఉగాది పచ్చడి మహాలక్ష్మమ్మ గారు చేసింది. బెల్లం తక్కువ, పులుపెక్కువ. "ఆవిడ చెయ్యి తగిలితే బెల్లానికీ భయమే" అని ముత్యాలమ్మ నా చెవిలో అంది. ఆశ్రమం నిండా జనం. ఏటి అవతల నుంచి పిల్లా పాపలతో వచ్చారు. పంచాంగం చదివారు. ఎవరి రాశికి ఎంత ఆదాయం, ఎంత వ్యయం అన్నారు. నీ రాశి రాగానే నేను లేచి వచ్చేశాను.

సాయంత్రం మహాలక్ష్మమ్మ గారు వచ్చి నా పక్కన కూర్చుంది. కూర్చోవడం ఇదే మొదలు.

"అక్కయ్యా, నువ్వు అద్దకం ఇంటి మనిషివి కదా. మేం కావిమట్టి కలిపి ముంచితే రెండు ఉతుకులకి వెలిసిపోతుంది. నిలిచే రంగు వెయ్యగలవా? చీర ఒక్కటే. ఈసారి దీక్ష ఒక్కరికే."

ఎవరికో ఆవిడకి తెలుసు. నాకు తెలుసని ఆవిడకీ తెలుసు.

"వేస్తానండి" అన్నాను.

ఎందుకన్నానో.

విదియ

మీ నాన్న కార్డు వచ్చింది. వేసవికి కాలవ కట్టేస్తారు, కట్టేస్తే గుడ్డలు జాడించడానికి నీళ్ళుండవు, ఒక్కడినే ఉన్నాను, ఎప్పుడొస్తావు అని. కింద చిన్న అక్షరాలతో, రాజబాబుకి వేరే సంబంధం కుదిరింది, వాళ్ళని అనుకోవడం అనవసరం అని.

కార్డు పట్టుకుని పరుగెత్తాను. నువ్వు నూతి దగ్గర ఉన్నావు. చేద పైకి లాగుతున్నావు.

"బుల్లీ, ఆ సంబంధం లేదే. తప్పిపోయింది. ఇంక ఎవరూ నిన్నేం అనరు. నేను మాటెత్తను. ఒట్టు. ఇంటికి రా. నీ గదిలో నువ్వుండు, నీకు ఇష్టమైతే అద్దు, లేకపోతే ఊరికే కూర్చో, రామకోటి అక్కడ రాసుకో, ఎవరూ వద్దనరు" అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. గట్టిగానే అన్నాను. మినుములు ఎండబోస్తున్న వాళ్ళందరూ ఇటు తిరిగారు.

నువ్వు చేద లాగడం ఆపలేదు. నీళ్ళు బిందెలో పోశావు. నా చేతిలో కార్డు తీసుకుని చదివావు. మళ్ళీ నా చేతిలో పెట్టి, నా పైట సర్ది, బిందె ఎత్తుకుని వెళ్ళిపోయావు.

పైట జారిందని నాకు తెలియనే లేదు.

నేననుకున్నాను, నువ్వు ఆ సంబంధం మీద కోపంతో ఉన్నావని. కోపమైతే నాకు తెలుసు. నీ కోపం నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. నీ మొహంలో కోపం లేదు.

చవితి

కరక్కాయలు దంచాను. గేదెపాలు కలిపి చీర తడిపి ఎండేశాను. ఆరు గజాలు, తెల్లది, మెత్తగా ఉంది. బందరు నుంచి తెప్పించారట. నీ పెళ్ళిచీర కూడా నేనే అద్దాను. ఎర్ర అంచు, లోపల మామిడిపిందెలు.

షష్ఠి

చీరకి కరక్కాయ బాగా పట్టింది. లేత పసుపు తేలింది. ముట్టుకుంటే తోలులా ఉంది.

సప్తమి

పొద్దున్నే పొయ్యి వెలిగించాను. రంగుచెక్క వేసి నీళ్ళు మరిగించి చీర దింపాను. కాసేపటికి కలియబెట్టి పైకి ఎత్తి చూద్దును కదా, నల్లగా ఉంది. బూడిద నలుపు. మొత్తం ఆరు గజాలూ.

ఆశ్రమం రాగి కాగు పానకానికని తోమి బోర్లించారు. అందుకని ఇనప గంగాళంలో వేశాను. కరక్కాయ పట్టిన గుడ్డకి ఇనుము తగిలితే నల్లబడుతుంది. మనం నల్లరంగు చేసేదే ఇనప తుప్పుతో. మన వీధిలో ఆరేళ్ళ పిల్లకి తెలుసు ఆ సంగతి.

మర్చిపోయాను.

మహాలక్ష్మమ్మ గారు గుండెలు బాదుకుంది. "శుభమా అని దీక్షకి నల్లచీరా! ఎంత అపశకునం!" అని ఏడ్చేసింది పాపం. అయ్యవారు వచ్చి చూశారు. శకునాలు నేను నమ్మను గానీ ఇంతమంది మనసులో మాట పడ్డాక మంచిది కాదు, వైశాఖ పున్నమికి చూద్దాం అన్నారు. ముత్యాలమ్మ గంగాళం దగ్గరికి వెళ్ళి, వేలితో మసి గీసి చూసి, నా వైపు చూసి, చేట తీసుకుంది.

నెల రోజులు. పైన ఇంకొన్ని రోజులు.

చాలు. నెల రోజుల్లో మనసు మారుతుంది. నెల రోజుల్లో ఎన్ని మారవు! రాత్రి అన్నం రెండోసారి అడిగి వేయించుకున్నాను.

అష్టమి, పొద్దున్న

మర్చిపోలేదు.

అష్టమి, సాయంత్రం

జరిగింది జరిగినట్టు రాయాలి.

అందరూ నవమి పందిరికి తాటాకులు కప్పుతున్నారు. నువ్వు నీ పాకలోంచి నీ తెల్లచీర తెచ్చావు. అచ్యుతరావు పోయాక నేను కట్టించిన తెల్లచీరే. పెద్ద మట్టితొట్టి దొర్లించుకొచ్చావు. కావిమట్టి పోశావు, నీళ్ళు పోశావు. ఎవర్నీ అడగలేదు. మహాలక్ష్మమ్మ గారు "అదేమిటి, అయ్యవారు వైశాఖం అన్నారుగా" అంటే నువ్వు ఆగలేదు. ఎవరో వెళ్ళి అయ్యవారిని పిలుచుకొచ్చారు. ఆయన కాసేపు చూసి, "ఆ పిల్ల ఆగదు. రేపే కానివ్వండి" అని వెళ్ళిపోయారు.

నేను తాటిచెట్టు మొదట్లో నిలబడి చూస్తున్నాను.

నువ్వు చీర మొత్తం ఒక్కసారే తొట్టిలో కుక్కావు. మడతలు మడతలుగా. అలా కుక్కితే పైకి వచ్చిన చోట ఒక రంగు, లోపల ఒక రంగు, మరకలు మరకలుగా వస్తుంది. అద్దకం ఇంట్లో పుట్టావు గానీ ఆ పని మీద నీకెప్పుడూ మనసు లేదు. నీళ్ళు కూడా తక్కువ. మట్టి అడుగున గడ్డ కట్టింది. పైకి తీశావు. ఒక మూల ఎర్రగా, ఒక మూల తెల్లగా, మధ్యలో చారలు. మళ్ళీ ముంచావు. ఇంకా పాడైంది.

అలాగే ఉండనివ్వాలి. రేపు ఆ మరకల చీర చూసి అందరూ మొహం చిట్లించాలి. ఇది మంచిది కాదని ఎవరో ఒకరు అనాలి. అంత వరకూ అనుకున్నాను.

పదిమందిలో ఆ చీర కట్టుకుని నిలబడతావు. ఎవరి పిల్లే ఇది, చీర కూడా సరిగ్గా ముంచలేదు అంటారు.

వెళ్ళాను. తొట్టి దగ్గర కూర్చున్నాను. "ముందు తేట నీళ్ళలో తడపాలి. పొడి గుడ్డ రంగు సమంగా తాగదు" అన్నాను. నువ్వు జరిగావు. మట్టి గుడ్డతో వడగట్టాను. నీళ్ళు కలిపాను. చీర జాడించి, తడిపి, పిండి, ఒక కొస నీ చేతికిచ్చి ఒక కొస నేను పట్టుకున్నాను. "నెమ్మదిగా. వంపకు. కదుపుతూనే ఉండు, ఆపావంటే అక్కడ మరక నిలుస్తుంది." కొస నుంచి కొసకి మూడుసార్లు లాగాం. తర్వాత నీడలో ఆరేశాం. ఎండలో ఆరేస్తే పైభాగం వెలుస్తుంది.

ఎంత బాగా వచ్చిందే బుల్లీ. ఒక్క మరక లేదు.

నా మోచేతుల దాకా కావి. నీ మోచేతుల దాకా కావి. నువ్వు నా చేతులు నీళ్ళు పోసి కడిగావు. వేళ్ళ సందుల్లో కూడా కడిగావు. నా వైపు చూశావు. నలుపెలా వచ్చిందో నీకు తెలుసు. మొదట్నుంచీ తెలుసు. గంగాళం చూడక్కర్లేకుండానే తెలుసు.

కావిలో నేనే ముంచాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు.

నవమి

పందిరి నిండా జనం. పానకం, వడపప్పు. సీతారాములకి తలంబ్రాలు. గుడివాడ మేళం. అందరూ సంతోషంగా ఉన్నారు, ఉండాలి, పండగ.

పెళ్ళయ్యాక నిన్ను తీసుకొచ్చారు. జుట్టు అప్పటికే తీసేశారు. నేను చూడలేదు. ముత్యాలమ్మ నన్ను వంటపాకలో కూర్చోబెట్టి చెయ్యి పట్టుకుంది. "చూడకు వదినా. మా ఊళ్ళో పడవ మునిగితే ఒడ్డున ఉన్న ఆడోళ్ళని ఇలాగే పట్టుకుంటాం. ఏడవాలంటే ఏడువు, లేవకు" అంది. నేను ఏడవలేదు. ముత్యాలమ్మ ఏడ్చింది.

నీ తల అంత చిన్నదని నాకు తెలియదు. పురిటిరోజు చూశాను, మళ్ళీ ఇవాళ చూశాను.

కొత్త పేరు పెట్టారు. అందరూ మూడుసార్లు పలికారు. నేను పలకలేదు, ఇక్కడ రాయను కూడా.

మౌనం విడిచిపెట్టావు. నువ్వే ప్రసాదం పంచావు. వరసలో నా వంతు వచ్చింది. దొన్నె నా చేతిలో పెట్టావు.

"తీసుకోండి అక్కయ్యా" అన్నావు.

రెండు నెలల తర్వాత నీ గొంతు విన్నాను. గొంతు మారలేదు.

తీసుకున్నాను. "చాలమ్మా" అన్నాను. అమ్మా అన్నానో, ఏమన్నానో. నా వెనక జనం ఉన్నారు, జరగాల్సి వచ్చింది.

దశమి

రేవులో కూర్చున్నాను. పడవ అవతల ఒడ్డున ఉంది. ముత్యాలమ్మ గుమ్మడికాయ ఒకటి నెత్తిన పెట్టుకుని దిగబెట్టడానికొచ్చింది, పడవ దిగాక ఇంటిదాకా మోసేది నేనే గానీ. ఆవిడకి ఇంకా పన్నెండు రోజులుంది.

నువ్వు రాలేదు. నువ్వు రేవుకి రావచ్చనే అయ్యవారు అన్నారట. నువ్వు మడుల్లో ఉన్నావు, ఇక్కడి నుంచి కనపడుతున్నావు. దోసపాదుల మధ్య కావిరంగు. వంగి ఉన్నావు.

ఇంటికెళ్ళి మీ నాన్నకి ఏం చెప్పాలి? అడిగితే చెబుతాను, అడగడు. కాలవ కట్టేసేలోగా గుడ్డలు జాడించాలి. పనుంది.

నిన్ను తీసుకెళ్ళడానికి వచ్చాను. మోకాళ్ళ నొప్పులకి కాదు. ఎవరికీ చెప్పలేదు, నీకూ చెప్పలేదు. నీకు తెలుసు.

పడవ ఇటు తిరిగింది. ఏమడిగినా నువ్వు ఇవ్వలేవు ఇప్పుడు. ఇంటికి రా అనను. అమ్మా అని పిలవమనను.

సన్నబడ్డావు. చేతులు పుల్లల్లా ఉన్నాయి. ఒంటిపూట భోజనం అంటున్నారు, ఆ ఒక్కపూటైనా మొహమాటపడకుండా అడిగి వేయించుకో. కూర బాగా లేకపోతే పెరుగన్నం కలుపుకో. కడుపునిండా తిను బుల్లీ.